చుక్క పొడిచేదాకా

మా వీధికి తెల్లలైటు వచ్చిన రోజు మా మామగారు లక్ష్మీనరసింహంగారు పట్టుపంచె కట్టుకున్నారు. పెళ్ళిళ్ళకి కూడా నూలుపంచెతో సరిపెట్టేసే మనిషి. లైట్లవాళ్ళు బండెక్కి పాత ట్యూబులైటు పీకేసి, దాని చోట పలకలాంటి ఎల్‌ఈడీ బిగిస్తుంటే, ఆయన గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఇంకొంచెం పైకెత్తవయ్యా. ఇంకొంచెం. మా డాబా వేపు తిప్పు."

"రోడ్డు మీద పడాలి కదండీ" అన్నాడు లైట్లతను.

"రోడ్డుకేం, ఎలాగూ పడుతుంది. దొంగలు డాబా మీంచే దిగుతారు బాబూ. నీకు తెలీదు."

మా వీధిలో ఆఖరిసారి దొంగ పడింది నా పెళ్ళికి ముందు. వాడు పట్టుకుపోయింది దండెం మీద ఆరేసిన రెండు తువ్వాళ్ళు. అయినా ఆ లైటు కోసం మామగారు ఏడాదిపాటు ఆఫీసుల్లో ఎక్కని మెట్టు లేకుండా తిరిగారు. తిరిగినందుకు ఫలితంగా లైటు మా గేటు పక్క స్తంభానికే పడింది, మొహం పైకెత్తి మా ఇంటివైపు చూసింది. చీకటిపడే వేళకి అది వెలిగేసరికి వీధి వీధంతా "హో" అన్నారు. పొద్దున్నే చదివేసిన పేపరు మళ్ళీ తెచ్చుకుని మామగారు దాని కింద నించుని చదివారు.

నేను మాత్రం డాబా వైపు చూశాను. పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు, దండెం, దండేనికున్న క్లిప్పులతో సహా తెల్లగా కనిపిస్తున్నాయి. వారం తిరిగితే కార్తీకం.

చోడవరంలో మాది నాలుగు గదుల ఇల్లు. అందులో నాది అని ఒక్కటీ లేదు. ముందుగది మామగారిది, టీవీది. హాల్లో సాయంత్రం అయితే చాలు మా ఆయన కృష్ణకాంత్ ట్యూషను. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తారు, ఇంటికొచ్చాక కూడా అదే చెప్తారు. దేవుడిగది, దాన్నానుకున్న మంచం మా అత్తగారు లక్ష్మీసుందరిగారివి. పడగ్గదిలో మా అమ్మాయి మహతి పుస్తకాలు పరుచుకుని ఉంటుంది. వంటిల్లు నాదేనంటారు. బస్టాండు కండక్టరుది అయితే వంటిల్లు నాదే. పొద్దుట లేచింది మొదలు ఎవరో ఒకరు "సంయుక్తా" అనో "అమ్మా" అనో "అమ్మాయ్" అనో పిలవకుండా గంట గడవదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకోవచ్చు.

కానీ కార్తీకమాసం ఒక్కటీ వేరు. మా ఇంట్లో తరానికొకరు నెలంతా నక్తం ఉండాలి. పగలంతా ఉపవాసం, సాయంత్రం చుక్క పొడిచాక ఒక్కపూట భోజనం. అత్తగారికి షుగరు వచ్చాక అది నాకు దిగింది. దాంతోపాటు ఈ ఇంటి నియమం ఇంకొకటి కూడా దిగింది. చుక్క కోసం డాబా ఎక్కిన మనిషిని, ఆ మనిషి తనంతట తాను దిగొచ్చేదాకా ఎవరూ పిలవకూడదు, పలకరించకూడదు, పని చెప్పకూడదు. సోమవారాలైతే ఆ మనిషి తినందే ఇంట్లో ఇంకెవరి కంచంలోనూ మెతుకు పడదు.

మొదటి ఏడాది భక్తితో ఎక్కాను. రెండో ఏటి నుంచి భక్తి కంటే ముందే కాళ్ళు ఎక్కేవి. వంట ముగించి, మెట్ల తలుపు దగ్గరగా వేసి, పిట్టగోడ చాటున సిమెంటు మీద వెల్లకిలా పడుకునేదాన్ని. పగటి ఎండ ఇంకా వీపుకి వెచ్చగా తగిలేది. చుట్టూ చీకటి. నన్నెవరూ చూడరు, నాతో ఎవరికీ పని లేదు. ఒక్కోసారి ఏడ్చేదాన్ని, కారణం ఉండి కాదు, వీలు దొరికి. ఒక్కోసారి చిన్నప్పటి పాట ఏదో కూనిరాగం తీసేదాన్ని. ఎక్కువగా ఏమీ చేసేదాన్ని కాదు. చుక్క పొడిచిందో లేదో కింద ఉన్నవాళ్ళకి నేను చెప్తేనే తెలిసేది. ఈ ఇంట్లో నా చేతిలో ఉన్న పెత్తనం అదొక్కటే.

అత్తగారి నక్తం గురించి ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. "మీ అత్తగారికి చుక్క కనిపించేసరికి మా కడుపుల్లో ఎలకలు పరుగెత్తేవమ్మా. చూపు ఆనదు పాపం" అంటారు మామగారు. ఆవిడ వత్తులు చేసుకుంటూ కూర్చుంటారు.

కార్తీకం మొదటి సాయంత్రం డాబా ఎక్కాను. ఎక్కగానే నా నీడ నాకంటే ముందు పరుగెత్తి ట్యాంకు మీద నిలబడింది. లైటు సరిగ్గా కళ్ళల్లో కొడుతోంది. పడుకోవడం మాట దేవుడెరుగు, కూర్చుందామన్నా మూడు డాబాల వాళ్ళకి కనిపిస్తాను. చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాను. ఆకాశం పల్చటి మజ్జిగలా ఉంది.

"వదినా! చుక్క కోసమా?" ఎదురు డాబా మీద వాకింగ్ చేస్తున్న అశ్విని ఆగింది. "ఇక్కణ్ణించి నీ ముక్కుపుడక కూడా కనిపిస్తోంది తెలుసా! ఇవాళ ఏటి వండేవు?"

"కందా బచ్చలి" అన్నాను. ఇంకేమనను?

కింద వీధిలోంచి మామగారి గొంతు. "అమ్మాయ్! ఇక్కడికి బాగా కనిపిస్తన్నావ్. ఆ దండెం మీద నా బనీను ఉండాలి, వచ్చేటప్పుడు పట్రా."

పిలవకూడదన్న నియమం ఆయన కావాలని తప్పలేదు. నేను కనిపించాను గనక పిలిచారు. ఇన్నాళ్ళూ ఆ నియమాన్ని కాపాడింది ఆచారం కాదు, చీకటి అని నాకప్పుడు తెలిసింది. ఎంతసేపు చూసినా చుక్క కనిపించలేదు. చివరికి అత్తగారే మెట్ల కిందనించి "పోనీ, ఆకాశానికి దణ్ణం పెట్టుకుని తినెయ్యవే" అన్నారు. బనీను పట్టుకుని దిగాను.

రాత్రి పడగ్గది కిటికీకి తెర వేస్తే తెర తెల్లగా వెలిగింది. రెండో తెర వేశాను. అయినా గోడ మీద నీలం నీలంగా వెలుగు. కళ్ళు మూసుకున్నా ఎవరో నించుని చూస్తున్నట్టే ఉంది.

నాలుగు రోజులు పోయాక హాల్లోంచి మా ఆయన పాఠం వినిపించింది. "మన వీధి లైటే ఉదాహరణ తీసుకోండ్రా. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలెక్కువ. అది గాల్లో ధూళికి, తేమకి తగిలి ఎక్కువ చెదురుతుంది. ఆకాశమంతా మసకగా వెలుగుతుంది. ఆ వెలుగులో చుక్కలు మునిగిపోతాయి. పైకెత్తి పెట్టిన లైటైతే మరీను. ఆకాశానికి వేసిన లైటు ఎవడికి ఉపయోగం, చెప్పండి? తల కిందికి వంచితే సగం పీడ వదిలిపోతుంది."

నేను పోపు మాడ్చేశాను. పిల్లలు వెళ్ళాక కాఫీ ఇస్తూ, "ఆ ఆఖరి మాట మామయ్యగారితో అనకూడదూ?" అన్నాను.

"నాన్నగారితోనా?" కరెంటు తీగ పట్టుకోమన్నట్టు చూశారు. "పిల్లలకి చెప్పడం వేరు, నాన్నగారికి చెప్పడం వేరు సంయుక్తా. ఏడాదిపాటు తిరిగి వేయించుకున్నారాయన. నీకు కావలసింది చుక్కేగా? దానికేదో ఒకటి చూస్తాలే."

చూశారు కూడా. మర్నాడు సాయంత్రం ఫోను పట్టుకుని నాతో డాబా ఎక్కారు. ఫోను ఆకాశం వైపు ఎత్తితే తెర మీద నల్లటి ఆకాశం, దాని నిండా చుక్కలు, పక్కన పేర్లు. "అదిగో, శ్రవణా నక్షత్రం. సరిగ్గా ఆ కొబ్బరిచెట్టు మీద ఉంది. కంటికి కనిపించట్లేదు గానీ ఉండడం మాత్రం ఉంది."

అత్తగారికి ఫోను చూపించారు. ఆవిడ కళ్ళకద్దుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ మర్నాడు నేను మెట్లవైపు వెళ్తుంటే ఆయన వంటింట్లోనే అడ్డుపడ్డారు.

"అంత శ్రమ ఎందుకు? ఇక్కణ్ణించైనా ఒకటే" అని ఫోను స్లాబు వైపు ఎత్తారు. "ఇదిగో శ్రవణం. స్లాబు వెనకాలే ఉంది. దణ్ణం పెట్టుకుని కూర్చో."

ఎంత ప్రేమగా అన్నారంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా సందు లేకపోయింది. పొద్దుట్నించీ ఏమీ తినని భార్యకి మెట్లెక్కే పని తప్పించానని ఆయన సంతోషం. చీకటిపడగానే ఫోను, ఫోనులో చుక్క, కంచం. తిన్న వెంటనే "సంయుక్తా, పప్పు నానేసేవా?" "అమ్మా, నా జామెట్రీ బాక్సేది?" "అమ్మాయ్, మాత్రలు." పదకొండు నెలలు ఎలా ఉండేదో పన్నెండో నెలా అలాగే అయింది. మహతి ఒకరోజు, "అమ్మా, తినేటప్పుడు స్లాబుకేసి ఎందుకు చూస్తావ్?" అని అడిగింది. "బూజులు" అన్నాను.

ఇక లాభం లేదని నేనే మామగారిని అడిగాను. ఆయన గేటు దగ్గర లైటు కింద కూర్చుని ఉన్నారు.

"మామయ్యగారూ, ఈ లైటు కొంచెం కిందికి వంపించకూడదూ? రోడ్డుకి ఇంకా బాగా వస్తుంది. డాబా మీద కళ్ళల్లో పడుతోంది."

ఆయన పేపరు మడిచారు. "వెలుగొస్తే వద్దనే కోడల్ని నిన్నే చూసేనమ్మా. చీకట్లో ఆడపిల్లవి ఒక్కదానివీ డాబా మీద ఉంటే నాకెంత బెంగగా ఉండేదో తెలుసా? ఇప్పుడైతే నువ్వెక్కడున్నా ఇక్కణ్ణించే కనిపిస్తావు. నిశ్చింత."

ఆయన బెంగ నిజం. ఆ నిజమే నా కాళ్ళకి అడ్డంపడింది. నన్నెవరూ చూడకుండా కాసేపు ఉండనివ్వండి అని ఏ మొహంతో అడుగుతాను? ఎందుకు, ఏం చేస్తావు అంటే ఏం చెప్తాను? ఏమీ చెయ్యను అంటే ఎవరు నమ్ముతారు? అడకత్తెరలో పోకచెక్కలా తిరిగి వంటింట్లోకి వచ్చాను. ఆ రాత్రి అంట్లు తోముతూ ఏడ్చాను, నీళ్ళ చప్పుడులో.

కార్తీకం ఆఖరి సోమవారం వచ్చింది. అంతా మామూలే. మా ఆయన ఫోను ఎత్తారు. "శ్రవణం వచ్చేసింది." అత్తగారు నాకు వడ్డించారు. మామగారు తన పీట మీద కూర్చుని, నేను మొదటి ముద్ద ఎత్తుతానని చూస్తున్నారు. నేను విస్తరి ముందు నించునే ఉన్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు. కాళ్ళు వంగలేదు, అంతే.

"కూర్చోవే" అన్నారు అత్తగారు.

"నేను చుక్కని చూడలేదత్తయ్యా."

"ఫోనులో వచ్చింది కదే."

"ఫోను చూసింది. నేను చూడలేదు."

మా ఆయన నవ్వబోయి ఆగారు. "అదేటి సంయుక్తా, ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ మామూలు రోజులు. ఇవాళ ఆఖరి సోమవారం. చూడకుండా తింటే నెలంతా చేసింది గంగలో పోసినట్టే. నేను తినను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామగారు పీట మీద ఇటూ అటూ కదిలారు. వేళకి భోజనం పడకపోతే ఆయనకి కాలూ చెయ్యీ ఆడదు. అలాగని ఈ ఇంటి సోమవారం నియమం దాటే ధైర్యం ఆయనకీ లేదు. "లక్ష్మీ, నువ్వు చెప్పు" అన్నారు.

అత్తగారు నా మొహంలోకి చూశారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆవిడ షుగరు మాత్ర వేసుకుని ఉన్నారని. నేను మొండికేస్తే ముందు కళ్ళు తిరిగి పడేది ఆవిడే. కూర్చుందామనే అనుకున్నాను.

"కృష్ణా," అన్నారు ఆవిడ కొడుకుతో, "బండి తియ్యి. చుక్కలు కనిపించే చోటుకి తీసుకెళ్ళు దీన్ని."

"ఇప్పుడా? ఎక్కడికమ్మా?"

"ఫిజిక్సు మేస్టరువి నువ్వు. చీకటెక్కడుందో నీకే తెలియాలి."

నేను చెప్పులేసుకుంటుంటే ఆవిడ గుమ్మందాకా వచ్చారు. గొంతు తగ్గించారు. "నాకోసం హడావుడి పడకు. మాత్ర వేసుకున్నదానికి నియమం లేదు, నేను రెండు ఇడ్లీలు తినేస్తాను. మీ మామగారు ఆగుతారు. ఇదివరకు ఆగేరు." నా కొంగు సర్ది మళ్ళీ అన్నారు. "నా రోజుల్లో చుక్క పొడవడానికి ఎంతసేపు పట్టేదో నీకు తెలీదే."

ఆవిడ ఇప్పటికీ కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తారు.

వడ్డాది రోడ్డు పట్టుకున్నాం. ఊరు దాటితే చీకటే అనుకున్నాను. పెట్రోలు బంకు దాటాం, దాని వెలుగు అయ్యేలోపు కొత్త లేఅవుటు మొదలైంది. ఇంకా ఒక్క ఇల్లు కట్టలేదు గానీ వరసగా తెల్లలైట్లు, గడ్డికి కాపలాగా. అది దాటితే ఊరు. ఊరి మొదట్లో లైటు, చివర్లో లైటు, నడుమ గుడికి రంగురంగుల లైట్లు. మా ఆయన బండి ఆపడం, ఇద్దరం పైకి చూడడం, మళ్ళీ ఎక్కడం. వెనక్కి తిరిగి చూస్తే చోడవరం మీద ఆకాశం పాలుపొంగినట్టు తెల్లగా ఉంది. ఎంత దూరం వచ్చినా అది మా వెనకే వస్తోంది. ఇంటినుంచి పారిపోతే ఇల్లే వెంటపడినట్టు అనిపించింది నాకు. ఆకలి ఎప్పుడో చచ్చిపోయింది. భయం పట్టుకుంది. చీకటనేదే ఎక్కడా మిగలలేదేమో, ఇంక ఏ కార్తీకంలోనూ దొరకదేమో.

బుచ్చయ్యపేట వైపు తిరిగే చోట మోపెడ్ మీద పచ్చగడ్డి మోపుతో ఒకతను ఎదురొచ్చి ఆగాడు. మా ఆయన్ని గుర్తుపట్టాడు. ట్యూషన్‌కొచ్చే ప్రవల్లిక వాళ్ళ నాన్న, పెదబాబు.

"ఏటి మేస్టారూ, పెట్రోలు అయిపోనాదేటి?"

"లేదు పెదబాబూ. మా ఆవిడ నక్తం. చుక్క చూడాలి."

అతను నవ్వలేదు. "రోడ్డు మీద ఏటి కనబడతాదండి, అన్నీ లైట్లే కదా. మా పొలంకాడికి కూడా ఒకటి ఏసేసినారు. అదిగో, ఆ పుంతలోకి ఎల్లండి. రెండేపులా సెరుకు ఎత్తుగా ఉంది, ఎలుగు అడ్డంపడతాది. గట్టెక్కి లోపలికెల్తే సీకటే సీకటి. పురుగూ పుట్రా ఉంటాయి మరి, సూసుకోండి అమ్మా."

పుంత అంటే చేల మధ్య బండిబాట; అందులో కొంత దూరం వెళ్ళాక బండి ఆపారు. ఇంజను ఆపారు గానీ హెడ్‌లైటు ఆపలేదు. పాములంటే ఆయనకి చచ్చే భయం. దిగి, ఆ వెలుగు మధ్యలో కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నించున్నారు. "నేను ఇక్కడ లైటు చూపిస్తుంటాను. నువ్వు ఆ గట్టు మీంచి చూసి వచ్చెయ్. దూరం వెళ్ళకు."

గట్టెక్కాను. చెరుకాకులు చేతులకి గీరుకున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి హెడ్‌లైటు వెలుగు చెరుకు వెనక ఆగిపోయింది. నా చేతులు నాకు కనిపించలేదు. నా చీర రంగు కనిపించలేదు. తడిమట్టి వాసన, ఎక్కడో కీచురాళ్ళు. తల పైకెత్తాను.

బహుళపక్షం చివరి రోజులు, చంద్రుడు లేడు. రెండు చెరుకు వరసల మధ్య ఆకాశం పట్టనన్ని చుక్కలు. పెద్దవి, చిన్నవి, వాటి వెనక పిండి చల్లినట్టు ఇంకా చిన్నవి. వాటిలో శ్రవణం ఏదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. గట్టు మీద కూర్చున్నాను. ఆ తర్వాత పక్కకి ఒరిగి, వెల్లకిలా పడుకున్నాను. మట్టి చల్లగా ఉంది. ఊపిరి కడుపు అడుగుదాకా వెళ్ళి వచ్చింది. నెల రోజులుగా వెళ్ళనిది అదే మొదటిసారి వెళ్ళింది.

బండి దగ్గర్నించి మా ఆయన పిలిచారు. ఆ వెలుగులో నించున్న మనిషికి ఆకాశంలో ఏముందో తెలిసే దారి లేదు.

"సంయుక్తా! చుక్క కనిపించిందా?"

"ఇంకా లేదండీ" అన్నాను.